ఏ గ్లాసులో ఇచ్చిరి?

మేలూరు బస్సు దిగి ఆమె మా ఇంటికి పోలేదు, సరాసరి గ్రంథాలయానికి వచ్చింది. సాయంత్రాలు నేను అక్కడే దొరుకుతానని వాళ్ళ నాయన చెప్పి ఉంటాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం పక్కన నిలబడింది. ఎవరినీ పిలవలేదు. నేను పేపరు మడిచి తలెత్తేదాకా అట్లాగే ఉంది. ఆ నిలబడటం చూసే ఎవరి కూతురో గుర్తుపట్టాను.

"నాయన పోయినాడన్నా," అంది.

పోయి పక్షం దాటిందట. కోతల రోజులు, మదురైకి కబురు పంపడానికి మనిషి దొరకలేదట. ఆమె గోడకు ఆనుకుని, చివరి రోజుల సంగతి నెమ్మదిగా చెప్పింది. మాట పడిపోయి ముసలాయన ఊరికే పడుకుని ఉండేవాడట. ఒక మధ్యాహ్నం తనంతట తాను పక్కకు జరిగి, మంచం అంచుకు వచ్చి, సగం మంచం ఖాళీ చేశాడట. తరువాత స్పష్టంగా, అందరికీ వినబడేట్టు, "ఒక టీ" అన్నాడట. ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన టీ తాగగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కూతురు కాచి తెచ్చింది. ఆయన అందుకోలేదు. ఖాళీగా ఉన్న ఆ సగం మంచం వైపు చూపించాడు. అక్కడ పెట్టింది. అది చల్లారేదాకా దాన్నే చూస్తూ పడుకుని, "ఆ ఫోటో తంబి కాడ ఉంటాది, అడుగు" అన్నాడట. అంతే, మళ్ళీ మాట లేదు. తమిళంలో తంబి అంటే తమ్ముడు, ఆయన అట్లా పిలిచేది నన్నే.

"ఏం ఫోటో అన్నా అది? మా నాయనదా?"

ఆయనది కాదని చెప్పాను. నా దగ్గర లేదు గానీ వెతుకుతానని చెప్పాను. ఆమె ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను పుస్తకం తెరిస్తే చాలు, ఎదురుగా ఆయన వచ్చి కూర్చుంటున్నాడు.

మా వీధిలో ఆయనను అందరూ బెల్టు చిన్నాయన అనేవాళ్ళు. మాది మదురై మిల్లుల పక్క తెలుగు వీధి. ఏ కాలంలో, ఏ సైన్యం వెంట, ఏ ఊరి నుంచి వచ్చామో మాకు ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. తెలుగు అక్షరాలు కూడా నేను పెద్దయ్యాక ఈ గ్రంథాలయంలో బాలశిక్ష ముందు పెట్టుకుని నేర్చుకున్నవే. తాతల నాటి పని తోలు. తరువాత మిల్లులు వచ్చాయి. మిల్లులో యంత్రాలన్నీ ఒకే పెద్ద ఇరుసు నుంచి తోలు బెల్టులతో తిరిగేవి. బెల్టు తెగితే ఆ వరస మొత్తం ఆగిపోయేది. దిండిగల్‌లో తోళ్ళు పదును చేసే షాపుల్లో పెరిగిన చిన్నాయనకు వాటిని కుట్టే పని. మిల్లు వెనక ఒక చీకటి గదిలో, చుట్టూ తోలు చుట్టలు పెట్టుకుని, పెదవుల మధ్య సూది పట్టుకుని కూర్చునేవాడు. సూది ఉన్నా లేకపోయినా ఆ పెదవులు అట్లాగే బిగించి ఉండేవి.

ఆయన ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. దారానికి రాసే మైనం అయిపోతే ఖాళీ డబ్బా మోకాలి మీద పెట్టుకుని కూర్చునేవాడు. మేస్త్రీ అటు పోతూ చూస్తే సరే, లేకపోతే మరో పూట. ఇంట్లోనూ అంతే. దాహమైతే చెంబు తెచ్చి పొయ్యి పక్కన పెట్టి కూర్చునేవాడు. పిన్నమ్మ చూసి నీళ్ళు పోయాలి. ఒకసారి ఆమె విసిగిపోయి, నోట్లో ఏం పెట్టుకున్నావు, నీళ్ళని ఒక మాట అంటే రాజ్యం పోతుందా అంది. ఆయన నవ్వి, "చూస్తారులే" అన్నాడు.

అది ఆయన మాట. కూలి పెంచుతారా అంటే చూస్తారులే. వీధికి కొళాయి వేస్తారా అంటే చూస్తారులే. నమ్మకంతో అనేవాడో, వెటకారంతో అనేవాడో ఈనాటికీ నాకు తేలలేదు.

అడగకపోవడం ఆయన ఒక్కడి గుణం కాదు. మిల్లు గేటు ఎదుట టీ కొట్టు ఉండేది. లోపల బెంచీలు, గాజు గ్లాసులు. బయట గోడకు మేకులు కొట్టి ఉండేవి, వాటికి వరసగా అల్యూమినియం గ్లాసులు. అవి మావి. సంగు, అంటే మిల్లు కూత, మోగి షిఫ్టు వదలగానే మేము పోయి, మేకు నుంచి గ్లాసు తీసుకుని, చాచి నిలబడేవాళ్ళం. టీ అని నోటితో అనడం లేదు. మా నోటి మాట లోపలికి పోకూడదన్నట్టు ఉండేది వ్యవహారం. కొట్టు ఆయనకు తీరిక దొరికినప్పుడు పైనుంచి ధారగా పోసేవాడు. కాలువ గట్టు మీద గొంతుక్కూర్చుని తాగి, కడిగి, మళ్ళీ మేకుకు తగిలించి పోయేవాళ్ళం. లోపల బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది చిన్నాయన కుట్టిన బెల్టుతో తిరిగే యంత్రం దగ్గర పని చేసేవాళ్ళే. మీనాక్షమ్మ గుడిలోకి మమ్మల్ని రానిచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. అంటరానితనం నేరమని చట్టం కూడా వచ్చింది. మేకులు మాత్రం గోడకే ఉన్నాయి.

యూనియన్ వాళ్ళు నడిపే చదువుల గదిలో నేను షిఫ్టు దిగాక పేపర్లు చదివి వినిపించేవాణ్ణి. తమిళ పేపరు ఎవరైనా చదువుతారు. ఇంగ్లీషు పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది, దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే విడదీసి చెప్పాలి. చిన్నాయన గుమ్మం దగ్గర కూర్చుని వినేవాడు. ఒక రోజు ఆయన లేచి బల్ల దగ్గరకు వచ్చాడు. పేపరులో ఒక ఫోటో ఉంది. అమెరికాలో ఒక దుకాణం. పొడుగాటి బల్ల, దాని ముందు గుండ్రటి స్టూళ్ళు. వాటి మీద నల్లజాతి పిల్లలు, చదువుకునే వయసువాళ్ళు, వరసగా కూర్చుని ఉన్నారు. వెనక తెల్లవాళ్ళ గుంపు. అందులో ఒకడు ఒక పిల్ల తల మీద ఏదో గుమ్మరిస్తున్నాడు. ఆ పిల్ల తల వంచలేదు.

"ఏం చేసిరి తంబి వీళ్ళు?"

"కూర్చునిరి చిన్నాయనా. తెల్లవాళ్ళు తినే చోట కూర్చుని కాఫీ అడిగిరి. ఇయ్యము, లేచి పోండి అనిరంట. లేవలేదు."

"కొట్లాడిరా?"

"లేదు. ఊరక కూర్చునిరి. ఇప్పుడు ఊరూరా కూర్చుంటా ఉండారంట."

"ఊరక," అన్నాడు ఆయన. ఆ మాటను నోట్లోనే ఉంచుకున్నాడు.

ఆ పిల్లలు ఈ పద్ధతి మన దేశపు సత్యాగ్రహం గురించి చదివి నేర్చుకున్నారని కూడా చెప్పాను. ఆ సంగతి వేరే పుస్తకంలో చదివి ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మన దేశంలో యాడ? మన వీధికి రాలేదే. అమెరికా చుట్టి వస్తా ఉండాదా?"

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. తోలు కుట్టే ఆరె చేతిలోనే ఉంది. దాని మొనను కాగితానికి తగలకుండా ఫోటో చివరన ఆపాడు. వరసలో ఆఖరి స్టూలు. అక్కడంతా సిరా ముద్దగా ఉంది, మనిషి లేడు.

"ఇది ఖాళీగా ఉండాది. ఎవురిది?"

నాకు తెలియదన్నాను. ఎవరో రావాలేమో అన్నాను. ఆరె మొన అక్కడే చాలాసేపు నిలిచింది.

తరువాత ఒక రోజు మొదటి షిఫ్టు వదిలాక చిన్నాయన మిల్లు కొళాయి దగ్గర కాళ్ళూ మొహమూ కడుక్కున్నాడు. పెద్దకులాల వాళ్ళ ఎదుట నడుముకు కట్టుకోవలసిన తుండును భుజాన వేసుకున్నాడు. మేకుల వైపు చూడకుండా కొట్టు లోపలికి పోయి బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యలో కాదు, అంచున. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు.

లోపలివాళ్ళు ఒక్కొక్కరే లేచారు. గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చి మా మేకుల పక్కన నిలబడి తాగారు. లోపల ఆయన ఒక్కడే మిగిలాడు. కొట్టు ఆయన చిన్నాయన వైపు చూడకుండా టీ తిరగబోస్తూ ఉన్నాడు. చిన్నాయన అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని, చీకటి పడబోతుండగా లేచి వెళ్ళిపోయాడు. మరుసటి రోజూ వచ్చాడు. ఆ మరుసటి రోజూ.

కాలువ గట్టు నుంచి మావాళ్ళే ఎగతాళి చేశారు. "ఏం చిన్నాయనా, మాపిళ్ళై మాదిరి కూర్చుండావు. పెండ్లెప్పుడు?" అన్నాడు ఒకడు.

"పెండ్లికూతురు అమెరికా నుంచి రావాల తంబి," అన్నాడు ఆయన, పక్కనున్న ఖాళీని చేత్తో తుడుస్తూ.

ఎగతాళి ఎక్కువ కాలం నిలవలేదు. బెంచీ మీద నీళ్ళు కొట్టారు, తడి బెంచీ మీదే కూర్చున్నాడు. ఒకడు వేడి వేడి టీ పిప్పి తెచ్చి ఆయన భుజం మీద బోర్లించాడు. ఆయన అదిరిపడి, మళ్ళీ సర్దుకుని, తుండు మీది పిప్పిని చిటికెలతో తీసి నేల మీద కుప్పగా పెట్టుకున్నాడు. ఆ రాత్రి పిన్నమ్మ భుజానికి ఆముదం రాస్తూ, మిల్లు పని పోతే నలుగురం ఏం తినాలి అని ఏడ్చింది. మేస్త్రీ అప్పటికే ఒక మాట చెప్పి పంపాడు. ఈ కూర్చోవడం ఇట్లాగే సాగితే ఇక గేటు బయటే కూర్చోవలసి వస్తుందని.

కొట్టు ఆయన కూడా నాతో ఒకసారి మెల్లగా మాట్లాడాడు. చెడ్డవాడు కాదు. చిన్నాయనంటే తనకు కోపం లేదనీ, ఇస్తే రేపటి నుంచి మిగతావాళ్ళు కొట్టు ఎక్కరనీ, తనకూ ముగ్గురు ఆడపిల్లలనీ చెప్పాడు.

యూనియన్ వాళ్ళు అర్జీ పెట్టారు. జీపులో ఒక అధికారి వచ్చాడు. కుర్చీ వేశారు. మా వీధంతా కాలువ గట్టున నిలబడింది. ఇవాళ మేకులు ఊడతాయని అందరికీ నమ్మకం. అధికారి చిన్నాయనను ముందుకు పిలిచి తమిళంలో అడిగాడు, టీ అడిగినావా అని.

చిన్నాయన కొట్టు లోపలి బెంచీ వైపు చూశాడు.

"అడిగినావా, లేదా?"

"కూర్చుంటిని అయ్యా."

"కూర్చుంటే సరా? నోరు తెరిచి అడిగినావా?"

చిన్నాయన మొహంలో అప్పుడు కనబడింది భయం కాదు. అర్థం కాకపోవడం. "కూర్చుంటే అడిగినట్టు కాదా అయ్యా?" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టు ఆయన చేతులు కట్టుకుని, ఆయన అడగలేదు, నేను లేదనలేదు అన్నాడు. అది నిజమే. అడిగితే ఇవ్వనని అన్నప్పుడే నేరమనీ, అడగనివాడికి ఇవ్వకపోవడం చట్టంలో లేదనీ అధికారి రాసుకుని, లేచి, దుమ్ము దులుపుకుని జీపెక్కాడు.

కాఫీ అడిగిరి అని నేను చదివిన మాట చిన్నాయన వినకపోలేదు. కానీ పుట్టినప్పటి నుంచి గ్లాసు చాచి నిలబడటమే అడగడంగా బతికిన మనిషి. ఆ నిలబడటం మాని కూర్చోవడమంటే ఆయన లెక్కలో గొంతు చించుకుని అరవడం. అంత పెద్దగా అరిచినా వినబడలేదంటే ఇంకేం చేయాలో ఆయనకు తోచలేదు. నలుగురు పెద్దవాళ్ళు ఆ రాత్రి ఆయన ఇంటి ముందు చేరి, ఒక్క మాట అని ఉంటే గెలిచేవాళ్ళం కదా అని తిట్టారు. ఆ ఒక్క మాట తాము మాత్రం ఎప్పుడైనా అన్నారా అని వాళ్ళను ఎవరూ అడగలేదు.

ఆ తరువాతి రోజుల్లో నేను ఏదో పని మీద బెల్టు గదికి వెళ్ళాను. బెల్టుల చప్పుడులో మనిషి పక్కన మనిషి అరిచినా వినబడదు. చిన్నాయన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. చేతిలో పని లేదు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి పోయి చెవి ఒగ్గితే తెలిసింది. "ఒక టీ. ఒక టీ. ఒక టీ." గోడకు చెబుతున్నాడు. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి దారిన పోయేవాడు చల్లగా అడిగినట్టు. నేను వచ్చినట్టు తెలియనివ్వకుండా వెనక్కి వచ్చేశాను.

ఆయన మళ్ళీ పోయి కూర్చున్న రోజు గట్టు మీద మావాళ్ళంతా లేచి నిలబడ్డారు. కూర్చుని, గొంతు సవరించుకుని, "ఒక టీ" అన్నాడు. గొంతు పగిలినట్టు వచ్చింది గానీ వీధి అవతలి దాకా వినబడింది. కొట్టు ఆయన చేయి ఆగిపోయింది. ఇస్తే ఒక చిక్కు, లేదంటే జీపు. కాసేపు నిలబడి, చెంబుతో నీళ్ళు తీసి పొయ్యి మీద కుమ్మరించాడు. బుస్సుమని పొగ లేచి కొట్టంతా నిండింది. పొయ్యి లేదు, ఎవరికీ టీ లేదు అన్నాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. చిన్నాయన వచ్చి అడగగానే పొయ్యి ఆరిపోయేది. ఆయన లేచి పోయేదాకా లోపలా బయటా ఎవరికీ టీ లేదు. షిఫ్టు దిగిన మిల్లు మొత్తం ఆయనను తిట్టింది. మావాళ్ళు ఇంకా ఎక్కువ తిట్టారు, మేకు మీది టీ కూడా పోయింది కదా. ఆయన చల్లారిన పొయ్యి ఎదుట, పక్కన చోటు వదులుకుని కూర్చునేవాడు. నేను రోజూ ఇంగ్లీషు పేపరు వెతికేవాణ్ణి. ఆయన నన్ను ఏమీ అడగకపోయినా, నేను చదువుల గది నుంచి వచ్చే దారి వైపే మొహం పెట్టుకునేవాడు.

నెలలు గడిచాక ఒక చిన్న వార్త దొరికింది. ఆ దుకాణాల్లో కొన్ని దిగివచ్చాయి. నల్లవాళ్ళకు కూడా అదే బల్ల దగ్గర వడ్డించారు. నేను పేపరు పట్టుకుని పరిగెత్తాను. కొట్టు గుమ్మం దగ్గర నిలబడి, "చిన్నాయనా, ఇచ్చిరి," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నిజంగానే ఇచ్చిరా?"

"ఇచ్చిరి. పేపర్లో వేసినారు."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. నా చేతిలోని పేపరునే చూస్తూ అడిగాడు.

"ఏ గ్లాసులో ఇచ్చిరి?"

నేను మళ్ళీ చదివాను. వార్త నాలుగైదు పంక్తులు. ఇచ్చారని ఉంది. ఎప్పుడిచ్చారో ఉంది. దేనిలో ఇచ్చారో లేదు. అది వేయలేదు చిన్నాయనా అన్నాను. ఆయన తల ఊపాడు. "ఇంకొక పేపర్లో ఉంటాది. చూడు తంబి. అది ముఖ్యం."

మిల్లులో ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు బిగించడం ఆ రోజుల్లోనే మొదలైంది. బెల్టులు పోయాయి, అందరికంటే ముందు బెల్టు మనిషిని పంపించారు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. ఆయన ఏమీ అడగలేదు. కూతుర్ని మేలూరులో ఇచ్చారు కనుక అక్కడికే బయలుదేరాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకు టీ కొట్టు కూడా మూతపడింది. ఎవరి పట్టుదల వల్లనో ఎవరూ తేల్చలేదు. మేకులు తుప్పు పట్టి ఆ గోడ కూలేదాకా ఉన్నాయి. చిన్నాయన ఆ బెంచీ మీద ఒక్క గుక్క టీ తాగలేదు. మరెక్కడా తాగలేదని కూతురు చెప్పేదాకా నాకు తెలియదు.

బస్సు కదులుతుండగా కిటికీలోంచి ఆయన నాతో అన్న మాట ఒకటే. "ఆ గ్లాసు సంగతి చూడు తంబి."

చూస్తూనే ఉన్నాను. ఆ దేశం గురించి ఈ గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలు దాదాపు అన్నీ చదివాను. కోర్టులు ఏమన్నాయో తెలుసు, ఎన్ని ఊళ్ళలో ఎట్లా కూర్చున్నారో తెలుసు, ఆ కూర్చోవడం ఎన్ని దేశాలకు పాకిందో పండితులు రాసింది తెలుసు. మా మిల్లు గేటు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. గ్లాసు సంగతి కూడా లేదు. అదే గ్లాసులో ఇచ్చారా, వేరేగా ఉంచిన దానిలో ఇచ్చారా, తాగి పారేసే కాగితపు దానిలో ఇచ్చారా. రాసినవాళ్ళు ఎవరూ మేకు కింద నిలబడినవాళ్ళు కారేమో, వాళ్ళకు తోచలేదు.

ఫోటో మాత్రం దొరికింది. బయటికి ఇవ్వని పెద్ద పుస్తకాల అరలో, నున్నటి కాగితం మీద, అరచేయి కంటే పెద్దగా. అదే బల్ల, అదే వరస, తల వంచని అదే పిల్ల. ఆఖరి స్టూలు దగ్గర నా చూపు ఆగిపోయింది. అది ఖాళీ కాదు. మా పేపరు సిరాలో మునిగిపోయిన చోట ఒక నల్లని మనిషి కూర్చుని ఉన్నాడు. మొహం అటు వైపు ఉంది. అంచున కూర్చున్నాడు, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు. చిన్నాయన ఆరె మొన ఆగిన చోట వేలు పెట్టి చూశాను.

మేలూరుకు ఉత్తరం రాశాను. ఆమె వచ్చింది, మళ్ళీ గుమ్మం దగ్గరే నిలబడింది. ఈసారి నేను ముందే చూసి లోపలికి పిలిచి, చదువుకునే బెంచీ చూపించాను. అంచున కూర్చుంది. పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టి, ఆఖరి స్టూలు చూపించాను. ఆమె దాన్ని ఒక్కసారి చూసి, అక్కడ ఆగలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయింది. మొహాలను కాదు. వాళ్ళ ముందరి బల్లను. కాగితానికి తగలకుండా వేలు దాని మీదుగా నడిపింది.

"వీళ్ళ ముందర ఇంకా ఏమీ పెట్టలేదే అన్నా," అంది.